లెక్కల టీచరు శిక్షణలో లెక్కలెక్కడ?

సంపాదకులకు,

పరీక్షా ఫలితాలు వెలువడిన ప్రతిసారీ గణితంలో తప్పినవాళ్ల మీద చర్చ మొదలవుతుంది. పాఠ్యపుస్తకం బరువెక్కిందని ఒకరు, పేపరు మరీ కఠినంగా ఇచ్చారని ఒకరు, పిల్లలకు శ్రద్ధ లేదని మరొకరు. ఆ లెక్కలు చెప్పే టీచరును తయారుచేసే చోట ఏం జరుగుతోందని మాత్రం ఎవరూ అడగరు. బీఎడ్ అనండి, మరో పేరు పెట్టండి, ఉన్నత పాఠశాల గణితం టీచరుకు విశ్వవిద్యాలయం ఇచ్చే శిక్షణ మూడు ముక్కలుగా ఉంటుంది: డిగ్రీలో చదివిన గణితం, మనోవిజ్ఞానం మొదలైన సిద్ధాంత పేపర్లు, బడికి వెళ్లి పాఠాలు చెప్పే సాధన. దేనికది బాగానే ఉండొచ్చు. మూడింటినీ కలిపి కుట్టే పని ఎవరి బాధ్యతా కాకపోవడమే అసలు చిక్కు.

చిక్కు పాతదే. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ 1908లోనే దీన్ని ఎత్తిచూపాడు. బడి నుంచి విశ్వవిద్యాలయానికి వచ్చిన కుర్రాడికి అక్కడి గణితానికీ తాను అంతవరకు చదివినదానికీ పొంతన కనిపించదు. టీచరై మళ్లీ బడికి వెళ్లాక విశ్వవిద్యాలయంలో నేర్చినది అక్కరకు రాక, చిన్నప్పుడు తనకెలా చెప్పారో అలాగే చెప్పడం మొదలుపెడతాడు. అంటే దారం రెండుసార్లు తెగుతుంది. వందేళ్లు దాటినా దాన్ని ముడివేసే పేపరు ఒకటి సిలబస్‌లో ఉండాలన్న ఆలోచన చాలాచోట్ల ఇంకా రాలేదు.

మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తుందని ఏడో తరగతి పిల్ల లేచి అడిగిందనుకోండి. ఛాత్రోపాధ్యాయుల్లో, అంటే శిక్షణలో ఉన్న కాబోయే టీచర్లలో, చాలామంది ‘అది రూలు’ అంటారు. కాస్త చొరవున్నవాళ్లు ‘శత్రువుకు శత్రువు మిత్రుడు’ అంటారు. గుర్తుంచుకోవడానికి అది పనికొస్తుందేమో గానీ కారణం మాత్రం కాదు. పైగా కూడికలోనూ రెండు మైనస్‌లు కనబడగానే అదే మాట గుర్తొచ్చి, −3, −4 కలిపితే +7 అని రాసేవాళ్లు తయారవుతారు. విచిత్రమేమిటంటే, ‘అది రూలు’ అన్న ఛాత్రోపాధ్యాయుడే డిగ్రీలో వలయ సిద్ధాంతం (రింగ్ థియరీ అనే బీజగణిత భాగం) తొలి పాఠాల్లో దీనికి నిరూపణ రాసి మార్కులు తెచ్చుకుని ఉంటాడు. ఆ నిరూపణనే అంకెల్లోకి దించితే ఇంతే: (−3) × (4 + (−4)) విలువ సున్నా, ఎందుకంటే కుండలీకరణంలో ఉన్నది సున్నా. విభాగ న్యాయంతో విడదీస్తే −12 + (−3)(−4) కూడా సున్నా కావాలి. −12కు ఎంత కలిపితే సున్నా? 12. కాబట్టి (−3)(−4) = 12.

ఆ తరగతికి ఇది కూడా ఎక్కువనుకుంటే −3 × 2 = −6, −3 × 1 = −3, −3 × 0 = 0 అని ఒకదాని కింద ఒకటి రాసి, ఒక్కో మెట్టుకు 3 పెరుగుతోందని పిల్లల చేతే చెప్పించి, −3 × (−1) దగ్గర సుద్దముక్క కింద పెట్టేయవచ్చు. మిగతాది వాళ్లే చెబుతారు. అయితే మొదటిది నిరూపణ, రెండోది క్రమాన్ని చూసి చేసిన ఊహ. ఏ తరగతిలో ఏది వాడాలో, రెండోది నిరూపణ ఎందుకు కాదో తెలియాలి. ఈ సంగతి చెప్పే పీరియడ్ డిగ్రీలోనూ దొరకదు, బోధనా పద్ధతులు చెప్పే మెథడాలజీ పేపరులోనూ దొరకదు.

వర్గ సమీకరణాల దగ్గరా ఇదే వరస. తెలియని రాశిని ‘క’ అనుకుందాం. క² = 5క అని ఇస్తే రెండువైపులా ‘క’ కొట్టేసి క = 5 అని ఊరుకుంటారు. సున్నా అనే మూలం గల్లంతు. (క − 2)(క − 3) = 6 అని ఇస్తే, క − 2 = 6 లేదా క − 3 = 6 అని రాసి 8, 9 తేలుస్తారు. అసలు మూలాలు 0, 5. లబ్ధం సున్నా అయినప్పుడే కారణాంకాల్లో ఏదో ఒకటి సున్నా కావాలని చెప్పగలం; 6కు ఆ సౌకర్యం లేదు. డిగ్రీలో ‘శూన్య భాజకాలు లేని వలయం’ అని కంఠతా పట్టిన నిర్వచనం అక్షరాలా ఇదేనని ఎవరైనా ఒక్కసారి చూపించి ఉంటే, ‘కుడివైపు సున్నా చేయండి’ అన్నది ఉత్త ఆదేశంలా కాకుండా కారణంతో సహా పిల్లలకు అందేది.

అందుకే మా మొదటి కోరిక: బడి గణితాన్నే పై మెట్టు నుంచి తిరిగి చదివించే పేపరు ఒకటి, ఏడాది పొడవునా, గణిత విభాగం అధ్యాపకుడూ విద్యా విభాగం అధ్యాపకుడూ ఒకే గదిలో ఉండి చెప్పేది. విడివిడిగా చెప్పిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. సబ్జెక్టు తెలిసినంత మాత్రాన చెప్పడం రాదని, సబ్జెక్టుతో సంబంధం లేని బోధనా సూత్రాలు విడిగా నేర్చుకున్నా రాదని, ఆ రెండూ కలిసిన మూడో జ్ఞానం ఒకటుందని అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో చెప్పాడు. ఆ మాట మెథడాలజీ నోట్సులో రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోయింది.

ఆ పేపరులో ఏం చేయించాలో ఒక అభ్యాసం చెబుతాం. ‘2¼ ÷ ½ కు సరిపోయే మాటల లెక్క ఒకటి తయారుచేయండి’ అని అడగండి. తలకిందులు చేసి గుణించి 4½ అని జవాబు అందరూ తెస్తారు. మాటల లెక్క దగ్గర బండి ఆగిపోతుంది. చాలామంది ‘రెండుంపావు మీటర్ల రిబ్బన్ను ఇద్దరికి సమానంగా పంచితే’ అని రాస్తారు. అది 2తో భాగించడం, అరతో కాదు. సరైనది: ‘అర మీటరు చొప్పున కత్తిరిస్తే ఎన్ని ముక్కలు?’ ఇప్పుడు అసలు ప్రశ్న వేయండి. నాలుగు ముక్కలు పోగా మిగిలింది పావు మీటరు కదా, మరి జవాబులో పావుకు బదులు అర ఎందుకుంది? మిగిలింది మీటరులో పావు, ముక్కలో సగం. కొలిచే ప్రమాణం మీటరు నుంచి ముక్కకు మారింది. ఈ ఒక్క లెక్కను నలభై నిమిషాలు నలిపితే, భిన్నాల భాగహారం మీద పది లెసన్ ప్లాన్లు రాయించినదానికంటే ఎక్కువ ఒరుగుతుంది.

ఉదాహరణకు ఏ అంకెలు తీసుకోవాలన్నది ఇంకా చిన్న విషయంగా కనిపిస్తుంది. శిక్షణలో దీనికి అసలు చోటే లేదు. ఘాతాంకాల పాఠం 2²తో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. 2 + 2 నాలుగే, 2 × 2 నాలుగే, 2² కూడా నాలుగే. ఘాతమంటే రెండుతో గుణించడమని పొరబడిన పిల్లవాడు కూడా సరైన జవాబే చెబుతాడు, టీచరు ‘వెరీ గుడ్’ అని ముందుకెళ్తాడు. 3² అని ఉంటే వాడు 6 అనేవాడు, అక్కడికక్కడే పట్టుబడేవాడు. చుట్టుకొలత, వైశాల్యం చెప్పడానికి భుజం 4 ఉన్న చతురస్రం తీసుకుంటే రెండూ 16 వస్తాయి. సగటు, మధ్యగతం తేడా చెప్పడానికి 4, 5, 6, 7, 8 తీసుకుంటే రెండూ 6. ఆఖరి 8ని 28 చేయండి: మధ్యగతం 6 దగ్గరే ఉంటుంది, సగటు 10కి పోతుంది. తేడా ఏమిటో, ఎందుకో బోర్డే చెబుతుంది.

సమీకరణాలకు వస్తే 2క = 4 అనేది మరీ ప్రమాదకరమైన ఉదాహరణ. ‘పక్షాంతరం చేస్తే గుర్తు మారుతుంది’ అని నేర్చుకున్న పిల్లవాడు 2ని అటు పంపి 4 − 2 = 2 అంటాడు. జవాబు ఒప్పే, దారి మాత్రం తప్పు. 3క = 12 ఇస్తే వాడే 12 − 3 = 9 అంటాడు. మరికొందరు గుర్తు మార్చాలి కదా అని 12ను −3తో భాగించి −4 తెస్తారు. తప్పు పిల్లలది కాదు. ‘అటు వెళ్తే గుర్తు మారుతుంది’ అన్న వాక్యంలో సంఖ్య తనంతట తాను నడిచి వెళ్తుంది. రెండువైపులా ఒకే పని చేస్తున్నామన్న సంగతి కనిపించదు. దాని వెనక ఇంకో మెట్టుంది. 8 + 4 = ☐ + 5 అని ఇస్తే ఖాళీలో 12 రాసే పిల్లలు పై తరగతుల్లోనూ ఉంటారు. సమాన గుర్తును ‘ఇక్కడ జవాబు రాయి’ అన్న ఆజ్ఞగా చదువుతున్నారన్నమాట. దాన్ని సరిచేయకుండా సమీకరణాల్లోకి దిగితే పక్షాంతరం మంత్రమే అవుతుంది.

తప్పును బయటపెట్టే ప్రశ్నను కట్టడం కూడా నేర్పవలసిన విద్యే. దశాంశాల్లో 0.45 పెద్దదా, 0.3 పెద్దదా అని అడిగితే తరగతిలో దాదాపు అందరూ 0.45 అంటారు. అందరికీ వచ్చేసిందనుకుంటాం. కానీ ‘45 పెద్దది, 3 చిన్నది’ అని పూర్ణ సంఖ్యల్లా చూసినవాడూ అదే జవాబు చెప్పాడు. వాణ్ని పట్టుకోవాలంటే 0.45, 0.5 ఇవ్వాలి, వాడు 0.45 అంటాడు. ఇంకో రకం పిల్లలున్నారు. వందో వంతు చిన్నది, పదో వంతు పెద్దది, కాబట్టి ఎన్ని తక్కువ అంకెలుంటే అంత పెద్ద సంఖ్య అనుకుంటారు. 0.45, 0.5 జతలో వీళ్లు ఒప్పు చెప్పి తప్పించుకుంటారు. వీళ్లకు 0.3, 0.47 కావాలి. అంటే రెండు ప్రశ్నలూ అడిగితేనే రెండు రకాలూ బయటపడతాయి. పాఠ్యపుస్తకం అభ్యాసంలోని పది ప్రశ్నలూ ఒకే రకానివైతే ఏదో ఒక గుంపు పది మార్కులతో బయటపడిపోతుంది. దశాంశాల యూనిట్ టెస్టు తయారుచేసే ఛాత్రోపాధ్యాయుడికి ఇది చెప్పకుండా బ్లూప్రింటులో (ప్రశ్నపత్రం ప్రణాళికలో) జ్ఞానానికి ఇంత శాతం, అవగాహనకు ఇంత శాతం అని గడులు నింపించడం కాలక్షేపం.

ఇక మైక్రో టీచింగ్. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1960లలో రూపొందిన ఈ పద్ధతి ఉద్దేశం మంచిది: ఒకే నైపుణ్యం, కొద్దిమంది పిల్లలు, కొద్ది నిమిషాలు. మెథడాలజీ పుస్తకాల్లో కనిపించే చక్రం ఇది: 6 నిమిషాలు బోధన, 6 నిమిషాలు పునఃపుష్టి (ఫీడ్‌బ్యాక్), 12 నిమిషాలు మళ్లీ పథకం, 6 నిమిషాలు పునర్బోధన, మళ్లీ 6 నిమిషాలు పునఃపుష్టి, మొత్తం 36. ఆచరణలో మొదటి 12 నిమిషాలతో ఆగిపోతుంది. తరగతిలో అందరి వంతూ రావాలి కాబట్టి పునర్బోధనకు సమయం లేదంటారు. ప్రాణమంతా అందులోనే ఉంది మరి. రెండో లోపం, పిల్లల పాత్ర తోటి ఛాత్రోపాధ్యాయులు వేయడం. వాళ్లకు జవాబులు తెలుసు, స్నేహితుణ్ని ఇబ్బంది పెట్టరు, చేతులెత్తి సరిగ్గా చెప్పేస్తారు. ‘ప్రశ్నలడిగే నైపుణ్యం’ అలా పూర్తయిపోతుంది.

దీనికి ఖర్చులేని మందుంది. పాఠానికి ముందు అధ్యాపకుడు నాలుగు చీటీలు పంచాలి. ఒక్కో చీటీలో ఒక తప్పు ఆలోచన: ‘నువ్వు సమాన గుర్తు తర్వాత జవాబే రావాలనుకుంటావు’, ‘నీకు ఎక్కువ అంకెలుంటే పెద్ద సంఖ్య’, ‘నువ్వు (క + 3)²ను క² + 9 అంటావు’, ‘నువ్వు ఒప్పే చెబుతావు కానీ ఎందుకో చెప్పలేవు’. చీటీ వచ్చినవాళ్లు పాఠం అయ్యేదాకా ఆ ఆలోచనకే కట్టుబడాలి. చెప్పేవాడికి ఎవరి దగ్గర ఏ చీటీ ఉందో తెలియదు. ఆరు నిమిషాల్లో కనీసం రెండు తప్పులను కనిపెట్టి, ‘తప్పు, కూర్చో’ అనకుండా, ఆ ఆలోచన ఎక్కడ విరిగిపోతుందో చూపే ప్రశ్న వేయగలగాలి. ఉదాహరణకు మూడో చీటీకి క = 4 పెట్టమంటే చాలు: ఒకవైపు 49, రెండోవైపు 25. ఆ పోయిన 24 ఎక్కడుందని చతురస్రం గీసి వెతికితే, 3, 4 కొలతల దీర్ఘచతురస్రాలు రెండు కనిపిస్తాయి.

లెసన్ ప్లాన్ల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. ‘విద్యార్థి అర్థం చేసుకొనును, అన్వయించుకొనును’ అనే వాక్యాలు ఏ పాఠానికైనా ఒకటే. అందుకే సీనియర్ల రికార్డు నుంచి ఎత్తిరాయడం అంత సులువు. కాలమ్ల సంఖ్య తగ్గించి, మూడింటిని తప్పనిసరి చేస్తే కాపీ తనంతట తానే తగ్గుతుంది. ఈ పాఠంలో పిల్లలు చేసే అవకాశమున్న మూడు తప్పులు, ఒక్కొక్కదానికి కారణం. బోర్డు మీద చేయబోయే ప్రతి లెక్కకూ రెండు పద్ధతుల్లో పూర్తి సాధన, ఆ అంకెలే ఎందుకు తీసుకున్నారో ఒక వాక్యం. ఆఖరి ఐదు నిమిషాల్లో పిల్లలు కాగితం మీద చేసి ఇచ్చే ఒకే ఒక ప్రశ్న. మర్నాడు ఆ కాగితాలు ఎన్ని ఒప్పు, ఎన్ని ఏ రకం తప్పు అని అదే ప్లాన్ కింద రాయాలి. ఆ భాగం లేని ప్లాన్‌కు మార్కులు వేయకూడదు.

రేఖాగణితంలో గీసే బొమ్మే ఉచ్చు. త్రిభుజం భూమి ఎప్పుడూ అడ్డంగా, ఉన్నతి ఎప్పుడూ లోపల. అదే చూసి చూసి, అధిక కోణ త్రిభుజంలో ఉన్నతి బయట పడుతుందంటే పిల్లలు నమ్మరు. చతురస్రాన్ని ఒక మూల మీద నిలబెట్టి గీస్తే అది చతురస్రం కాదంటారు. బొమ్మను మొత్తంగా చూసి పేరు పెట్టే దశ నుంచి ధర్మాలను బట్టి గుర్తించే దశకు వెళ్లడానికి మెట్లున్నాయని డచ్ దంపతులు వాన్ హీలేలు 1957లో చూపారు. తొమ్మిదో తరగతిలో నిరూపణలు కొరుకుడు పడకపోతే, పిల్లలు ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నారేమో చూసుకోవాలి. త్రిభుజం మూడు మూలలు చింపి ఒకచోట చేర్చి 180 డిగ్రీలు చూపించడం మంచిదే, కానీ కోణమానినితో కొలిచినప్పుడు 179, 181 కూడా వస్తాయి. ‘మరి సరిగ్గా 180 అని ఎలా అంటాం?’ అని అక్కడే అడగాలి. నిరూపణ కోసం సమాంతర రేఖ గీయాల్సిన అవసరం పిల్లలకు అప్పుడే కలుగుతుంది. డిజిటల్ బోర్డులు, జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్ ఉన్నచోట శీర్షాన్ని పట్టుకుని లాగి చూపడం అద్భుతంగా పనిచేస్తుంది. సిద్ధం చేసుకొచ్చిన స్లైడు మీద మెట్లన్నీ ఒక్కసారే ప్రత్యక్షమైతే మాత్రం పిల్లలు ఎత్తిరాసుకోవడం తప్ప చేసేదేం లేదు.

సాధన పాఠాల పరిశీలన సంగతి. పరిశీలకుడు పది నిమిషాలు వెనక బెంచీలో కూర్చుని ‘స్వరం బాగుంది, బోర్డు పని మెరుగుపడాలి’ అని రాసి సంతకం పెడితే, మర్నాడు ఏం మార్చుకోవాలో ఛాత్రోపాధ్యాయుడికి ఏం తెలుస్తుంది? జపాన్ టీచర్ల పాఠ పరిశోధనలో కొందరు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెబుతారు, మిగిలినవాళ్లు పిల్లలేం చేస్తున్నారో, ఎక్కడ ఆగారో దగ్గరగా చూసి రాసుకుంటారు. మనమూ పరిశీలన పత్రంలో మూడు గడులు పెట్టుకుంటే చాలు: నిమిషం, పిల్లవాడు అన్న మాట యథాతథంగా, దానికి టీచరు ఏమన్నాడు. ప్రశ్న అడిగాక ఎన్ని సెకన్లు ఆగాడో కూడా లెక్కపెట్టాలి. టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని మూడు సెకన్లు దాటిస్తే జవాబులు పొడవవుతాయని, మౌనంగా ఉండిపోయేవాళ్లు తగ్గుతారని అమెరికాలో మేరీ బడ్ రో 1970లలో చూపించింది. ఛాత్రోపాధ్యాయుడికి ఆ మూడు సెకన్లూ మూడు నిమిషాల్లా ఉంటాయి. భయంతో జవాబు తానే చెప్పేస్తాడు. సాధన లేకుండా అది పోదు.

మెథడాలజీ పరీక్ష మారనిదే ఇవేవీ నిలబడవు. ‘ఆగమన పద్ధతి లాభనష్టాలు రాయుము’ అన్న ప్రశ్న ఉన్నంతకాలం దాన్నే చదువుతారు. దాని బదులు ఒక పిల్లవాడి జవాబు పత్రం అచ్చువేసి ఇవ్వండి: √(9 + 16) = 7, (క + 3)² = క² + 9. ఈ పిల్లవాడు పాటిస్తున్న నియమం ఏమిటి? √(25 + 144)కు ఏం రాస్తాడు? 17 అని ఊహించగలిగినవాడికి పిల్లవాడి మనసు తెలిసినట్టు; సరైన జవాబు 13 అని మాత్రమే రాసినవాడికి లెక్క వచ్చు, ఇంకా టీచరు కాలేదు. వర్గమూలానికీ వర్గానికీ వేర్వేరు తప్పులు కావివి, కూడిక మీద ఏదైనా విడిపోతుందన్న ఒకే నమ్మకం. పదో తరగతిలో సైన్ (30 + 60)ను సైన్ 30 + సైన్ 60గా విడదీసేదీ ఆ నమ్మకమే. అలా చేస్తే 1.366 వస్తుంది, సైన్ విలువ 1 దాటదని ఆ పిల్లవాడికి గుర్తుచేస్తే తానే తడుముకుంటాడు. ఇలాంటి ప్రశ్నకు గైడ్లలో రెడీమేడ్ జవాబు దొరకదు.

ఆఖరుగా, ఛాత్రోపాధ్యాయులు వెళ్లే బడిలోని గైడ్ టీచరు విషయం. పూర్తి పీరియడ్ల భారం మోస్తూనే వీళ్లనూ చూసుకోమంటే, సెలవు పెట్టిన టీచర్ల తరగతులకు వీళ్లను పంపి ఊపిరి పీల్చుకోవడం తప్ప ఆయనకు వేరే దారి లేదు. శిక్షణ కాలంలో ఆయనకు వారానికి రెండు పీరియడ్లు తగ్గించి, వాటిని టైమ్‌టేబుల్‌లోనే ‘ఛాత్రోపాధ్యాయుడితో’ అని వేయాలి. ఆ రెండు పీరియడ్లలో ఇద్దరూ కలిసి పిల్లల నోటుపుస్తకాలు దిద్దాలి, తప్పులను రకాలవారీగా వేరుచేయాలి, మర్నాటి ఉదాహరణల అంకెలు ఎంచుకోవాలి. విశ్వవిద్యాలయాలు బడులతో ఒప్పందం రాసుకునేటప్పుడు ఈ రెండు పీరియడ్ల మాట కాగితం మీద పెట్టించాలి.

ఇట్లు,
గణిత బోధనా పద్ధతులు చెప్పే కొందరు అధ్యాపకులు